బర్రె పాలిచ్చినన్ని దినాలు

కాయితం రాయలే, సంతకం పెట్టలే. మా ఆయిన ఒక బర్రె నడుము మీద చెయ్యి వెట్టి జబానిచ్చిండు, గంతే. "ఈ బర్రె పాలిచ్చినన్ని దినాలు నేను మీ టీంలనే ఆడుత సారూ" అన్నడు. గా ఒక్క మాట మమ్ముల గుంజకు కట్టేసినట్టు కట్టేసింది. ఇప్పుడు తలుసుకుంటె నవ్వొస్తది గని, గప్పుడైతె నా పాణం తోడేసింది.

మాది ఇస్నాపూర్. గప్పుడు ఊరు ఇంకా ఊరు లెక్కనే ఉండె. బొంబాయి సడక్ పొంటి జొన్న చేన్లు, చెరుకు మడులు. ఆ చేన్ల నడుమ ఒక్కొక్కటే కార్ఖానా లేస్తుండె. పొద్దుగాల బర్రెలను తోలుకపోయే బాటలనే మొగోల్లు సైకిళ్ల మీద డ్యూటీకి పోతుండె. బర్రెలు జరుగక, సైకిళ్లు ఆగక, రోజొక లొల్లి.

మా ఆయిన చిన్నప్పటి సంది చెడుగుడు ఆడేటోడు. మనిషి సన్నగ చింతబరికె లెక్క ఉంటడు. ఈనె ఏం ఆడుతడు అనుకుంటరు సూసినోల్లు. గని దమ్ము జూడాలె అయ్యా! కబడ్డి కబడ్డి అని కూత అందుకున్నడంటె గీత దాటిపోయి, అవుతలి దిక్కు ఇద్దరు ముగ్గురిని ముట్టి, వాళ్ల చేతులల్లకెల్లి జారి, మర్లి వచ్చేదాక కూత తెగకపోయేది. పెండ్లయిన కొత్తల నేను గోడ అవుతల నిలవడి ఇనేదాన్ని. ఆడోల్లు ఆటకాడికి పోవుడు మా అత్తకు నచ్చదు. అయితె ఏంది, చెవులకు గోడ అడ్డమా? నా మొగని కూత వందమంది లొల్లిల కూడ నాకు ఎరుకే.

పటాన్‌చెరు కాడ ఇనుము కరగవోసి సామాను పోతపోసే కార్ఖానా ఒకటి వడ్డది. దాని యజమాని కృష్ణా దిక్కు నుంచి వచ్చిన సారు. చెడ్డోడు గాదు, గని ఆటపిచ్చి మనిషి. కార్ఖానా పేరు మీద కబడ్డి టీం వెట్టిండు, మంచిగ ఆడేటోళ్లను ఏరి పనిల వెట్టుకునేటోడు. సంగారెడ్డిల పోటీలప్పుడు మా ఆయిన ఆట జూసిండు, తెల్లారే కారేసుకొని మా ఇంటికొచ్చిండు. మా గల్లీల కారు సూసుడు గదే మొదలు. కట్టేసిన ఎడ్లు బెదిరి తాళ్లు తెంపుకున్నయి.

"నీలాంటివాడు మా జట్టులో ఉండాలయ్యా. ఏం కావాలో అడుగు" అన్నడు సారు.

మా ఆయిన సిగ్గువడి నేల జూస్తున్నడు. మా అత్తకు సిగ్గు లేదు. "మావోడు ఆడుతడు గని సారూ, ఆడేటోనికి తిండి ఉండాలె గద. ఇంట్ల పాడి లేదు, పిల్లగానికి పాల చుక్క కరువైంది" అన్నది. పిల్లగాడంటె మా ఆయినే. అత్తలకు కొడుకులు ముసలోళ్లైనా పిల్లగాండ్లే.

సారు నవ్విండు. వాళ్ల అమ్మ గా దేశం బర్రెలంటె పాణమిడుస్తదట. ఈడ అవి లేక ఉండలేక, ఊరికెల్లి లారీల బర్రెలను తెప్పించుకొని బంగ్లా ఎనుక కొట్టం ఏపిచ్చుకున్నది. మరుసటి ఐతారం మమ్ముల రమ్మన్నడు. మేం పోయేసరికి గా ముసలామె తెల్లచీర కట్టుకొని, ఒక నిండు సూడి బర్రె నొసలు దువ్వుకుంట నిలవడ్డది. వంకీలు తిరిగిన కొమ్ములు, నూనె రాసినట్టు నిగనిగలాడే తోలు. సూడంగనే నా మనసు గుంజింది.

"గేదెను బాగా చూసుకుంటావా పిల్లా?" అని అడిగింది ముసలామె.

"మీ ఇంట్ల ఉన్నన్ని దినాలు గేదె అమ్మా. మా గడప తొక్కితె బర్రె. మంచిగనే సూసుకుంట" అన్న.

ఆమె పకపక నవ్వింది. గప్పుడు సారు ఉత్తగనే, ఆటకన్నట్టు, "ఈ గేదె పాలిచ్చినన్నాళ్ళూ నువ్వు మా జట్టే, సరేనా?" అన్నడు. మా ఆయిన నవ్వుకుంట బర్రె నడుము మీద చెయ్యి వెట్టి గదే మాట మర్లి అన్నడు. అందరం అనుకున్నది ఏందంటె, బర్రె ఈనుతది, వచ్చే వానకాలం దాక ఇస్తది, ఇగ వట్టిపోతది. ఒక్క ఏడు ఆట. గంతకంటె దూరం ఎవలూ ఆలోచన చెయ్యలే.

బర్రె మా ఇంట్లనే ఈనింది. పెయ్యదూడ. గా దినాల సంగతి ఏం చెప్పాలె! నేను కుడితి వెట్టి, పత్తిగింజలు నానేసి, ఎండకాలం పొద్దుకు రెండుమాట్ల కడిగి, దాన్ని కండ్లల్ల వెట్టుకొని సాదిన. నా చెయ్యి తాకితెనే పాలు చేపేది. మా అత్త పోతె తన్నేది. ఒకసారి చెంబు ఎగిరి ఆమె దవడకు తాకింది. "దీనికి నీ బుద్ధే వచ్చిందే" అన్నది అత్త నన్ను జూసి. ఇంట్ల పెరుగు, నెయ్యి. మా ఆయినకు గిన్నె నిండ పాలు పోసేదాన్ని. తాగి మూతి తుడుసుకొని కార్ఖానాకు పోయేటోడు.

అయితె గా పాల బలమంత గా కార్ఖానా మింగింది. ఆయిన పని ఇసుక కాడ. ఇసుకతోని అచ్చు కొట్టుడు, పోతపోసినంక అచ్చు పలగ్గొట్టి సామాను తీసుడు. ఎండిన ఇసుక, బొగ్గు మసి, లోపలంత దుమ్మే. ఇంటికొచ్చి ముక్కు చీదితె నల్లగొచ్చేది. మొదలు ఉత్త దగ్గే గద అనుకున్నం. మిర్యాల కషాయం కాసి ఇచ్చిన, పాలల్ల పసుపేసి ఇచ్చిన. పోలే.

ఒకనాటి పొద్దుమూకి ఊరవుతల ఆట నడుస్తుంది. నేను బర్రె కాడ ఉన్న. ఆయిన కూత ఇనవడ్తుంది. మంచిగ లేసింది, లేసింది, నడుమ టక్కున తెగింది. ఎవలో పట్టుకొని ఉంటరు అనుకున్న. ఇంకోసారి పోయిండు. మళ్ల గట్లనే. గప్పుడు చేతిల పని ఇడిసి చెవొగ్గిన. పట్టు వడితె కూత ఒక తీరుగ తెగుతది, అందరి లొల్లి లేస్తది. గిది వేరే. గిది దమ్ము అందక తెగింది.

ఇంటికొచ్చినంక నిలదీసిన. మొదలు నవ్వి మాట దాటేసిండు. ఇడిసిపెడ్తనా! ఆఖరికి మంచం పట్టెమీద కూసొని చెప్పిండు. "గుండెల ఇసుక పోసినట్టున్నదే. పది అడుగులు ఉరికితె అందుతలేదు. ఎవలకు చెప్పకు. ఆటగానికి దమ్ము పోయిందని తెలిస్తె కుంటెద్దును సూసినట్టు సూస్తరు. నా మీద ఒట్టు." తన నెత్తి మీద నా చెయ్యి వెట్టుకున్నడు. నేను ఏం చెయ్యాలె? నోరు కట్టేసుకున్న.

దేవుడు ఒక తలుపు తెరిసిండు అనుకున్నం. లింగంపల్లి దిక్కు పెద్ద సర్కారు కార్ఖానా ఉండె గద, గా టీమోల్లు మా ఆయినను పిలిచిన్రు. పర్మనెంట్ నౌకరి. పని స్టోర్ల, సామాను ఇచ్చుడు పుచ్చుకునుడు, ఇసుక లేదు, మసి లేదు. క్వార్టర్ ఇస్తరు, దవఖానా వాళ్లదే. ఆయిన గా ముచ్చట చెప్తుంటె నాకు ఒక్కటే ఇనవడ్డది: ఇసుక లేదు. అయితె వాళ్ల టీం పెద్దమనిషి ఒక మాట అన్నడట. "పాత కార్ఖానా నిన్ను ఇడిసిపెట్టినట్టు రాసియ్యాలె. లేకుంటె ఇటు ఆడనియ్యరు. నెలాఖరు దాక సూస్తం. రాకుంటె ఇంకొకన్ని తీసుకుంటం."

మా ఆయిన పోయి సారును అడిగిండు. సారు ముఖం మాడిపోయిందట.

"గేదె పాలిస్తోందా?" అని అడిగిండట.

"ఇస్తుంది సారు."

"మరి ఇంకేంటయ్యా? మాట నువ్విచ్చిందే కదా?"

గంతే తకరార్. ఈనె తలకాయ కిందికేసుకొని ఇంటికొచ్చిండు. తనకు దమ్ము అందుతలేదని మాత్రం ఆడ చెప్పలే. చెప్తె సారు ఇడిసిపెట్టునేమో గని, ఆ మాట పెద్ద కార్ఖానాకు పాకితె గా నౌకరి కూడ పోతది. ఇటు నుయ్యి అటు గొయ్యి.

ఇగ బర్రె సంగతి జూడుండ్రి. దసర పోయి మళ్ల దసర వచ్చినా అది పాలు బంద్ చెయ్యలే! దున్నకాడికి రెండుమూడుమాట్ల తోలుకపోయినం, సూడి నిలువలే. సూడి కట్టకపోతె వట్టిపోదు గద. ఊరంత నన్ను మెచ్చుకునుడే. "అబ్బ, ఏం చెయ్యమ్మ నీది" అని. నాకు ఆ మాట ఇంటె కారం రాసినట్టుండేది.

మా అత్తను అడిగిన. "మాట మాటే బిడ్డా. ఇచ్చినంక నిలవడాలె" అన్నది.

"మాటట మాట! మాట పట్టుకొని కూసుంటె నీ కొడుకు మంచం వట్టి పండుకుంటడు" అన్న. ఎందుకు పండుకుంటడని ఆమె అడిగితె చెప్పరాదు. ఒట్టున్నది. పండ్లు కొరుక్కుంట బర్రె కాడికి పోయిన.

ఇగ గప్పుడు నాకు ఒక పాడు ఆలోచన వచ్చింది. దీన్ని నేనే వట్టివోగొడ్త అనుకున్న. పత్తిగింజలు బంద్ చేసిన. పల్లిపిండి బంద్ చేసిన. ఉత్త వరిగడ్డి ఏసిన. పాలు పిండుడు కూడ ఒక్క పూటకు తెచ్చిన. అది నా దిక్కు తిరిగి తిరిగి సూస్తది. "సూడకు, నీ కండ్లు మండ! నా మొగడు ముఖ్యమా నువ్వు ముఖ్యమా?" అని తిట్టి ఇంట్లకు పోయి ఏడ్సేదాన్ని. తింటే బువ్వ దిగకపోయేది.

మరి అది ఊకుంటదా? ఒకనాడు పట్టపగలు గుంజ పీక్కొని పోయి పక్కోళ్ల పెసరు చేన్ల వడ్డది. నిండ కాయ మీద ఉన్న చేను. కడుపు పలిగేటట్టు మేసింది. పక్కింటి ఆయిన కట్టె వట్టుకొని మా ఇంటి మీదికొచ్చిండు. గాయినకు సమాధానం చెప్పి, దాన్ని గుంజుకొచ్చి, పొద్దుమూకి పిండితె ఏముంది! ఎన్నడు ఇయ్యనన్ని పాలిచ్చింది. చెంబు నిండి పొర్లింది. మా అత్త, "సూసినవా, లచ్చిమి!" అని దండం వెట్టింది. నేను గా చెంబు ముందల కూలవడి నెత్తి కొట్టుకున్న. ఇప్పుడు చెప్తె మా ఇంట్ల అందరు పడి పడి నవ్వుతరు.

నెలాఖరు దగ్గరకొచ్చింది. మా ఆయిన దగ్గొస్తె బయటికి పోయి దగ్గి వచ్చేటోడు, నేను ఇనకుండ. ఒక పొద్దుగాల గట్లనే పోయి, గోడ వట్టుకొని నిలవడ్డడు. ఎనుకకెల్లి సూసిన. భుజాలు ఎగురుతున్నయి. గంత పెద్ద ఆటగాడు, వాకిట్ల ఊపిరి కోసం కొట్టుకుంటున్నడు. నా గుస్స నెత్తికెక్కింది. ఆయిన డ్యూటీకి పోయిండో లేదో, బర్రెను ఇప్పిన. దూడ ఎనుక వచ్చింది. సడక్ పొంటి పటాన్‌చెరు దాక నడిపిచ్చుకపోయి సారు బంగ్లా గేటుకు కట్టేసిన.

సారు బయటికొచ్చిండు. "ఏంటమ్మా ఇది?"

"మీ బర్రె మీకు. మా ఆయిన మాకు. సెల్లుకు సెల్లు" అన్న.

"అలా ఎలా కుదురుతుంది? ఉంచుకున్నన్నాళ్ళూ అనలేదు కదా, పాలిచ్చినన్నాళ్ళూ అన్నాం. ఇప్పుడూ ఇస్తోందిగా. ముందు పోటీలున్నాయి. అవి కానీ, తర్వాత చూద్దాం."

"తర్వాత ఏం సూస్తరు, మట్టా?" అని నోటిదాక వచ్చింది. మింగిన. ముసలామె వాకిట్లకొచ్చి నన్ను, బర్రెను మార్చి మార్చి సూస్తుంది. ఆమె దిక్కు సూడకుంటనే మర్లిన. నేను బాట తిరిగేదాక బర్రె ఒర్రుడే ఒర్రుడు. చెవులు మూసుకొని ఉరికిన.

రెండొద్దులకు ఖబర్ తెలిసింది. బర్రె సారు ఇంట్ల ఒక్క చుక్క ఇయ్యలే. జీతగాడు కూసుంటె తన్నింది. దూడను ఇడిసినా చేపలే. ముసలామె స్వయంగ పోతె కొమ్ము ఇసిరింది. గడ్డి ముట్టుతలేదట. మా ఆయిన గీ ముచ్చట కార్ఖానాల ఇని ఉరుక్కుంట వచ్చిండు. చాన దినాలకు ఆయిన ముఖంల కళ జూసిన.

"పాలిస్తలేదంటె! అర్థమైతుందా? పాలు బంద్ అయినయంటె మాట కూడ తీరినట్టే. సారును రేపు పొద్దుగాల పోయి అడుగుత. ఇడిసిపెట్టక ఏం చేస్తడు!"

మా అత్త కూడ తలకాయ ఊపింది. పొయ్యి కాడ కూసొని నేను సుత సంబరపడ్డ. అబద్ధం ఎందుకు? మస్తు సంబరపడ్డ.

గా మాట చల్లారక ముందే, పొద్దు వంగుతుండంగ సారు కారు మా ఇంటి ముందల ఆగింది. డ్రైవర్ ఒక్కడే ఉన్నడు. ముసలామె పంపిందట. బర్రె పొదుగు రాయి లెక్క అయిందట, చెయ్యి తాకనిస్తలేదట, నన్ను జల్దీ రమ్మన్నదట.

మా ఆయిన నా దిక్కు సూసిండు. "పోకు" అన్నడు మెల్లగ. "నీ చేతికి పాలిచ్చిందనుకో, మళ్ల కథ మొదటికొస్తది. రేపొక్కరోజే ఉన్నది."

పాలు నిలిస్తె పొదుగు ఏమైతదో నాకు తెలుసు. వాపు ఎక్కుతది, చీము వడ్తది, ఆ నొప్పికి బర్రె నిలవడలేదు, పండలేదు. పాడి చేసిన ఆడిదాన్ని, ఎట్ల కూసోవాలె? నోరు లేని దాన్ని నేనే తోలుకపోయి కట్టేసొచ్చిన. ఆయిన దిక్కు సూస్తె కాలు కదలదని సూడలే. పోయి కార్ల కూసున్న.

కొట్టంల అడుగు వెట్టంగనే అది నన్ను పసిగట్టింది. తలకాయ ఎత్తి ఒక్క ఒర్రు ఒర్రింది. దగ్గరికి పోయి దాని నొసలు మీద నొసలు ఆనిచ్చిన. కాళ్లు వణుకుతున్నయి దానికి. గోరువెచ్చని నీళ్లతోని పొదుగు కడిగి, ఆముదం రాసి మెల్లమెల్లగ నిమిరిన. "ఇయ్యవే తల్లీ, నేనే, నేనే" అనుకుంట కూసున్న. మొదలు ఏం రాలే. మల్ల చుక్క. మల్ల సన్న దార. ఇగ ఒక్కసారే చేపింది. చెంబుల దారల సప్పుడు లేసింది. దాని నోటికెల్లి పెద్ద నిట్టూర్పు వచ్చింది, నా నోటికెల్లి సుత.

ఎనుక సారు నిలవడ్డడు. ఎప్పుడొచ్చిండో తెల్వదు.

"ఇస్తోంది కదమ్మా పాలు" అన్నడు. ఎక్కిరిచ్చి అనలే, ఉత్తగనే అన్నడు. గని నాకు ఎక్కడ కాలిందో అక్కడనే ఉప్పు వోసినట్టయింది.

చెంబు కింద వెట్టి లేసిన. "అవ్ సారూ, ఇస్తుంది! ఇస్తదని తెలిసే వచ్చిన. నా మొగడు పోకు అన్నడు, అయినా వచ్చిన. మీ బర్రె పొదుగు నొస్తుందంటె ఉరికొచ్చిన. నా మొగని గుండెలు నొస్తున్నయి, ఎవలు ఉరికొస్తరు? మీ ఇసుక మింగి మింగి ఆయినకు దమ్ము అందుతలేదు. కూత నడుమల తెగుతుంది. మీరేమో పట్టు వడ్డదనుకుంటున్నరు. పొద్దుగాల లేస్తె గోడ వట్టుకొని దగ్గుతడు. ఇంకొక్క ఏడు గా ఇసుకల ఉన్నడనుకో, ఇగ మీకు ఆటగాడు ఉండడు, నాకు మొగడు ఉండడు. మాట, మాట అంటున్నరు. బర్రె పాలిచ్చినన్ని దినాలని మాటిచ్చిండు గని, పాణం పోయేదాక అని ఇయ్యలే గద!"

అన్నంక గని నాకు సోయి రాలే, ఒట్టు తప్పిన అని. ఇగ ఈ సారు ఒక్కమాట పెద్ద కార్ఖానా చెవుల ఏసిండంటె అంత ఖతం.

సారు నా దిక్కు ఒక అడుగు ఏసిండు. "ఎప్పటి నుంచి?" అని అడిగిండు.

"మీరు కప్పు ఎత్తుకొని ఫోటో దిగిన నాటి సంది."

ఆయిన ముఖం పాలిపోయింది. "నాకెందుకు చెప్పలేదు వాడు?"

"ఆటగాడు సారూ. మీకు తెల్వదా?"

ముసలామె గప్పటిదాక కొట్టం గుంజకు ఆనుకొని ఇంటుంది. ముందటికొచ్చింది. "ఒరే అబ్బాయ్, గేదె ఎవరిది?"

"నీదే అమ్మా."

"నా గేదె మీద చెయ్యి వేసి ఇచ్చిన మాట, అదీ నాదే. నేను వదిలేశాను. అయిపోయింది."

"నువ్వు వదిలేస్తే అయిపోయినట్టేనా?"

"అయిపోయినట్టే. వెళ్ళి రాసివ్వు."

సారు నా దిక్కు సూసిండు. "అక్కడ వాళ్ళకి తెలుసా దగ్గు సంగతి?" అని అడిగిండు. నేను తలకాయ అడ్డం ఊపిన. "నా నోటి నుంచి వెళ్ళదులే" అని ఇంట్లకు పోయిండు. కాయితం తీసి రాసుకుంట కూసున్నడు. కిటికీలకెల్లి ఆయిన వంగిన తలకాయ కనవడుతుంది. ఆ పేడలనే చతికిలవడ్డ. ఏడ్సిన్నో నవ్విన్నో నాకే తెల్వదు. ముసలామె సుత పక్కకొచ్చి గొంతు కూసున్నది. ఇద్దరం గట్లనే కొంచెంసేపు బర్రె నెమరేసుడు ఇనుకుంట కూసున్నం.

"సరే గానీ పిల్లా, రేపు పొద్దున దీన్ని పితికేదెవరే?" అన్నది ఆమె. ఇద్దరికి నవ్వొచ్చింది. బర్రె నన్ను తప్ప ఎవలను రానియ్యదు గద. మా దిక్కు దీనికొక ఉపాయమున్నది. ఇంటి ఆడిది ఊరికి పోతె మొగోడు ఆమె చీర చుట్టుకొని పోయి పిండుతడు. బర్రె వాసన జూసి మోసపోతది. గదే చెప్పిన. వాళ్ల దిక్కు సుత గంతేనట. "అయితే నీ చీర ఇచ్చిపో" అన్నది.

ఇచ్చిన. మరి నేనేం కట్టుకొని పోవాలె? ఆమె దగ్గర ఉన్నయన్ని తెల్లచీరలు. ముత్తైదువకు అవి ఇయ్యరాదని ఆమెకు తెలుసు, అడుగరాదని నాకు తెలుసు. పెట్టె తెరిసి అడుగుకెల్లి ఒక ఆకుపచ్చ పట్టంచు చీర తీసింది. "మా ఆయన ఉన్నప్పటిది. కట్టుకో" అన్నది. మల్ల తలుపు అవుతలికి పోయి నా ఎర్ర ముతక చీర కట్టుకొని వచ్చింది. ఎన్నేండ్లకు రంగు చీర కట్టిందో గాని, తడబడుకుంట నడిచింది. కాయితం వట్టుకొని బయటికొచ్చిన కొడుకు, తల్లిని గట్ల జూసి, గుర్తు వట్టనట్టు నిలవడ్డడు. ఆమె ఆయిన దిక్కు సూడనే లేదు. బర్రె పక్కన కూసొని మిగిలిన పాలకు చెయ్యేసింది. బర్రె మెడ తిప్పి, చీర కొంగు వాసన జూసి, ఊకున్నది.

డ్రైవర్ ఇంటికాడ దింపేసరికి మా ఆయిన అరుగు మీద కూసొని ఉన్నడు. పట్టంచు చీరల నన్ను జూసి లేసి నిలవడి, "ఎవలమ్మా?" అన్నడు. నిజంగనే గుర్తు వట్టలే!

"నీ పెండ్లాన్నే. ఇగో, ఇడిసిపెట్టిన్రు" అని కాయితం చేతుల వెట్టిన.

ఆయిన దాన్ని సూడలే, నన్ను సూసిండు. "చెప్పినవా?"

"చెప్పిన. నీ మీద ఒట్టు వెట్టుకున్నవు గద, ఏమైంది? నిలవడ్డవు రాయి లెక్క."

గా మనిషి నా ముందల ఏడ్సుడు గదే మొదటిసారి. మా అత్త ఏమైందిరా అనుకుంట బయటికొచ్చింది. ఆమె నా చీర జూసి నోరు తెరుసుకొని నిలవడ్డది.

తెల్లారి ఆయిన పోయి పెద్ద కార్ఖానోల్లను కలిసిండు. ఇంక ఒక్క బుగులు మిగిలింది. గాడ డాక్టర్ సూడాలె గద. నేను ఇంట్ల దేవుండ్లందరికి మొక్కిన, దర్గకు సుత మొక్కిన. డాక్టర్ గుండెల మీద గొట్టం వెట్టి ఇని, "దుమ్ము కాడ పనిచేసినవా? ఇగ చెయ్యకు. ఇంకా లోపలికి దిగలే, తగ్గుతది" అన్నడట. ఆయిన ఇంటికొచ్చి గా మాట చెప్తె, మళ్ల చెప్పు, మళ్ల చెప్పు అని నాలుగుమాట్ల చెప్పిచ్చుకున్న.

తగ్గింది. ఒక్కనాట్ల గాదు, మెల్లగ. క్వార్టర్ల దినాలు నాకు కొత్త. పాలు కొనుక్కునుడు మాత్రం సిగ్గనిపిచ్చేది. బర్రె యాదికొస్తె పటాన్‌చెరు పోయి సూసొచ్చేదాన్ని. ముసలామె నా చీర చిరిగేదాక అదే కట్టుకొని పిండింది. అంతల బర్రెకు ఆమె అలవాటైంది.

ఎండకాలం మొదలైనంక పెద్ద కార్ఖానా గ్రౌండ్ల పోటీలు వడ్డయి. గాడ ఆడోల్లు సుత కూసొని సూస్తరు, అడ్డం చెప్పే అత్త ఊర్లనే ఉన్నది. మా ఆయిన టీంకు ఎదురుగ వచ్చింది పాత సారు టీమే. సారు కుర్చీల కూసున్నడు. ముసలామె కూడ వచ్చింది, నా పక్కన సాపేసుకొని కూసున్నది.

మా ఆయిన కూతకు లేసిండు. గీత తొక్కి కబడ్డి అన్నడో లేదో, నాకు తెల్వకుంటనే నేను ఊపిరి బిగవట్టిన. ఆయిన అటు పోయిండు, ఇటు ఒరిగిండు, ఒకన్ని ముట్టిండు. ఇంకొకడు కాలు వట్టబోతె దుంకి తప్పిచ్చుకున్నడు. కూత నడుస్తుంది. నా చెవులల్ల గుయ్యిమంటుంది. ఆయిన మూలకు పోయిండు. నలుగురు చుట్టుకుంటున్నరు. కూత నడుస్తనే ఉన్నది. నా గుండెలు పలుగుతున్నయి, కండ్లల్ల చీకట్లు వచ్చినయి. ఇగ నాతోని గాలే. నోరు తెరిసి గబగబ ఊపిరి గుంజుకున్న.

ఆయిన కూత ఇంకా తెగలే.